పాత నూనె తోడెయ్యి

విశాఖ చేపలరేవులో ఇంజిన్ నూనె గురించి తెలియనివాడంటూ లేడు. నిజంగా తెలిసినవాడెవడో మాత్రం ఇంతవరకూ తేలలేదు. టీ కొట్టు దగ్గర నలుగురు చేరితే చాలు, నూనె ఎంత చిక్కగా ఉంటే ఇంజిన్‌కి అంత బలమని ఒకడంటాడు. నల్లబడిందంటే నూనె చచ్చినట్టే, దాన్ని ఒక్కపూట కూడా ఉంచకూడదని ఇంకొకడంటాడు. నూనె మట్టం చూసే గేజి పుల్ల మీది గీతకి పైన మరో లోటాడు పోస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందనేవాడొకడు, ఒక కంపెనీ నూనెకి అలవాటు పడ్డ ఇంజిన్‌కి మరో కంపెనీది పడదనేవాడు మరొకడు. ఇవన్నీ తండ్రులు చెప్పగా కొడుకులు విన్న మాటలు. ఆ తండ్రుల ఇంజిన్లు ఎన్నాళ్ళు నడిచాయని ఎవరూ అడగరు.

మైలిపిల్లి రాజ్యలక్ష్మి ఈ కబుర్ల మధ్యే పెరిగింది. తండ్రి మరబోటు డ్రైవరు. ఆయన పోయాక అన్న దానయ్య బోటు పట్టుకున్నాడు, చెల్లెలు పుస్తకం పట్టుకుంది. అన్న వేటకెళ్ళి తెచ్చిన దాంతోనే ఆమె చదువు సాగింది. చదివి చదివి చివరికి కొండకవతల ఒక పరిశోధనశాలలో చేరింది. లోహాన్ని లోహం రాసుకుంటే ఏమవుతుందో చూడడం తప్ప అక్కడ వేరే పని లేదు. మీ చెల్లి ఏం ఉద్యోగం చేస్తోందని ఎవరైనా అడిగితే దానయ్య "నూనె సూస్తాది" అనేవాడు. అంతకంటే బాగా ఆమె కూడా ఎవరికీ చెప్పలేకపోయింది.

నూనె చూడడంలో దానయ్య కూడా తక్కువవాడేమీ కాదు. గేజి పుల్ల చివరి చుక్కని కుడిచేతి చూపుడువేలి మీద వేసుకుని, బొటనవేలితో మెల్లగా రుద్ది, కళ్ళు అరమూసి, ఇంకా కొన్నాళ్ళాగొచ్చనో, దీని జిగురు చచ్చిపోయిందనో తీర్పు చెప్పేవాడు. పక్క బోట్లవాళ్ళు కూడా పుల్లలు పట్టుకుని ఆయన దగ్గరికే వచ్చేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రాజ్యం ఉండబట్టలేక, వేళ్ళకి తెలిసేది జిడ్డేగాని కాపుదల కాదని, మరిగే ఇంజిన్‌లో ఆ నూనె ఎలా ఉంటుందో చల్లటి వేళ్ళు ఎలా చెబుతాయని అంది. దానయ్య కోప్పడలేదు. "మీ సార్లకి ఏళ్ళతో సూడ్డం సేతకాకే మిషనెట్టుకున్నారు" అన్నాడు. రాజ్యానికి నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది.

ఆ మిషన్ పెద్దదేమీ కాదు. మూడు ఉక్కు గుళ్ళని కదలకుండా బిగించి, నాలుగో గుండుని వాటి మీద ఒత్తి గిరగిరా తిప్పుతారు. మధ్యలో నూనె ఉంటుంది. ఆగాక గుళ్ళ మీద పడిన గాటు ఎంతుందో సూక్ష్మదర్శినిలో చూస్తారు. గాటు ఎంత చిన్నదైతే నూనె అంత మంచిది. రంగూ, వాసనా, చిక్కదనమూ, డబ్బా మీది బొమ్మా ఆ గుళ్ళకి పట్టవు. రాజ్యం ఏళ్ళ తరబడి గాట్లు చూసింది. పెద్ద గాట్లు, చిన్న గాట్లు, పేరున్న నూనెల కింద పడిన సిగ్గుమాలిన గాట్లు. ఒకరోజు మాత్రం గాటు లేదు. ఎవరో వాడని గుండు పెట్టి తనని ఆటపట్టిస్తున్నారనుకుంది. సరిగ్గా చూస్తే, గాటు ఉండాల్సిన చోట లోహం పిసరంత ఉబ్బి ఉంది. నల్లగా, నునుపుగా.

ఆ నూనెలో తను కలిపిన సన్నటి రేణువులే అవి. కంటికి ఆనవు. నూనెలో నిద్రపోతున్నట్టు ఉంటాయి, అప్పుడు నూనె లేత తేనెరంగులో కనిపిస్తుంది. ఎక్కడ లోహం లోహాన్ని ఒరుసుకుంటుందో ఆ వేడికి లేచి అక్కడికి చేరతాయి, గీత పడిన చోట కరుచుకుంటాయి, ఒకదాని మీదొకటి పేరుకుని చర్మం కడతాయి. లేచిన రేణువు నల్లబడుతుంది. అంటే ఈ నూనె నల్లగా ఉందంటే చచ్చిపోలేదు, పనిలో ఉంది. ఇంకో సంగతి, ఈ నూనె నీళ్ళలా పలచన. ఇంజిన్ అరిగేది ఎక్కువగా నడిచేటప్పుడు కాదు, ఆగి ఉన్నది మొదలయ్యేటప్పుడు. చిక్కటి నూనె అడుగునుంచి లేచి మూలమూలకీ చేరేలోపు ఇనుము ఇనుమునే తింటుంది. పలచనిది ముందుగా పరుగెడుతుంది.

డైరెక్టరు సోమశేఖరం గారు మెత్తటి మనిషి, గొంతు పెంచి ఎరగడు. ఆయన కూడా ఆ వారమంతా గదిలో నిలవలేక వరండాలో పచార్లు చేశాడు. అరగని ఇంజిన్ అంటే మాటలా మరి?

చిక్కు పరీక్ష ఇంజిన్‌లో బయటపడింది. చాలాకాలం చక్కగా నడిచిన ఇంజిన్‌లో నల్లనూనె అంతా దించేసి, అదే రకం కొత్త నూనె నింపారు. రెండోరోజు మధ్యాహ్నం అది ఒక్క కేక పెట్టి బిగుసుకుపోయింది. విప్పి చూస్తే లోపల చర్మం ఎక్కడా లేదు. ఒకే ఇంజిన్‌లో ఒరుసుకుంటూ బతికిన రేణువులన్నీ ఒక కుదురుకి వస్తాయి. కొత్త రేణువులకి ఆ కుదురు తెలియదు. ఉన్న చర్మాన్ని మురికి అనుకుని గీకి పారేస్తాయి, కొత్తది కట్టడం ఇంకా నేర్చుకుని ఉండవు. ఈలోగా ఇంజిన్ బరువంతా పచ్చి ఇనుము మీద పడుతుంది. చర్మమే ఎరగని ఇంజిన్‌లో మొదటిసారి పోసినప్పుడు గీకడానికి ఏమీ ఉండదు కనక ఈ బెడద రాదు.

విరుగుడు కూడా రాజ్యమే కనిపెట్టింది. పాత నల్లనూనె కొంత అడుగున ఉంచి కొత్తది పోస్తే, పాతవాటిని చూసి కొత్తవి దారిలో పడుతున్నాయి. ఇది పెరుగు వ్యవహారమేనండీ, తోడు వేస్తే సరి, అందామె. సోమశేఖరం గారు పెరుగన్నం లేనిదే భోజనం అయిందనుకోని మనిషి. ఆ మాట ఆయనకి ఎంత నచ్చిందంటే, డబ్బా మీద అచ్చు వెయ్యాల్సిన సూచనల్లో స్వయంగా రాయించాడు. అప్పటినుంచి ప్రయోగశాలలో ఆ పాత నూనెకి తోడు అనే పేరు స్థిరపడిపోయింది. తోడు ఉంచారా, తోడు వేశారా అని రోజూ అడుక్కునేవారు. ఇంజిన్ల మధ్య ఆ మాటకి మరో అర్థం ఉంటుందన్న ఊహే అక్కడ ఎవరికీ రాలేదు.

సముద్రం మీద పరీక్షకి బోటు కావలసివచ్చినప్పుడు రాజ్యం అన్ననే అడిగింది. దానయ్య చుక్కని వేళ్ళ మధ్య రుద్ది, "ఇది నూనేటి, నీళ్ళు" అన్నాడు. పక్కనే ఉన్న గురయ్య తాత అయితే నోటికి అడ్డూ ఆపూ లేకుండా నవ్వాడు. తాత ఆ బోటులో తండ్రి కాలంనుంచీ ఉన్న మనిషి, చిక్కటి నూనెని దేవుడి తరవాత దేవుడిగా చూసేవాడు. ఇంత పలచన నూనె పోస్తే రేవులో నువ్వు కూడా పలచనైపోతావురా అని దానయ్యని హెచ్చరించాడు. దానయ్య ఆలోచించాడు. చివరికి ఒప్పుకున్నది నూనెని నమ్మి కాదు. ముడుచుకుపోతున్న చెల్లెలి మొహం చూడలేకపోయాడు, అంతే.

ఒక వేటకాలం గడిచింది. ఇంజిన్ పొగ మానేసింది. చప్పుడెంత తగ్గిందంటే బోటు మీద ఎవరేమన్నా అందరికీ వినబడడం మొదలై కొత్త తగాదాలు వచ్చాయి. డీజిలు ఆదా అయింది. రేవులో మాత్రం దానికి నీళ్ళనూనె అనే పేరు పడిపోయింది. నూనె నల్లబడినా మార్చడేమిటని అడిగినవాళ్ళకి, "మా రాజ్యం వొచ్చేదాకా ముట్టుకోవొద్దంది" అనేవాడు దానయ్య, తనకీ నచ్చనట్టు మొహం పెట్టి. మార్చే గడువు వచ్చిన రెండుసార్లూ రాజ్యమే డబ్బా మోసుకొచ్చి, ఇంజిన్ గదిలోకి దిగి, పాతది కొంత దించి, కొంత ఉంచి, కొత్తది కలిపి వెళ్ళింది. ఆ రెండుసార్లూ దానయ్య పైన వల చూసుకుంటున్నాడు. కిందికి దిగి చూడలేదు, ఆమె పిలవనూ లేదు.

మూడో గడువు వచ్చేసరికి ఎండాకాలం వేట నిషేధం ముగియబోతోంది. రేవంతా హడావుడిగా ఉంది. బోట్లకి రంగులు, వలలకి అతుకులు, ఇంజిన్లకి కడుగుళ్ళు. గంగమ్మకి పూజచేసి పోటీపడి బయల్దేరడం ఆనవాయితీ. సరిగ్గా దానికి ముందురోజే నూనెని అమ్మకానికి తయారుచేయబోయే కంపెనీవాళ్ళు పరిశోధనశాలకి వచ్చారు. రాజ్యం అన్నీ చూపించాలి, అన్నిటికీ జవాబు చెప్పాలి. మధ్యలో ఫోను మోగితే వరండాలోకి వచ్చింది. దానయ్య రేవులోంచి మాట్లాడుతున్నాడు, వెనకనుంచి సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి. నువ్వు వస్తావా, ఆగమంటావా, రేపు పొద్దున బయల్దేరాలని అడిగాడు.

తను రాలేనని, అన్న ఇంట్లో ఉంచిన కొత్త డబ్బా పోసుకోమని ఆమె చెప్పింది. "కానీ ముందు పాత నూనె తోడెయ్యి అన్నయ్యా. అది మాత్రం మర్చిపోకు."

"తోడేస్తాన్లే. అది నువ్వు సెప్పాలేటి" అన్నాడు దానయ్య.

ఆ గొంతులో సంతోషం ఆమెకి వినబడింది. అన్నకి తన నూనె ఇన్నాళ్ళకి అర్థమైందనుకుని తేలిక పడింది. లోపలికి వెళ్ళి కంపెనీవాళ్ళకి తోడు గురించి ఎంతో బాగా చెప్పింది. వాళ్ళు తలలూపారు. సోమశేఖరం గారు అందరికీ పెరుగువడ తెప్పించాడు.

బోట్లు వేటకి వెళ్ళిన రెండోరోజు పొద్దున్నే రాజ్యం అన్న ఇంటికి వెళ్ళింది. కంపెనీ ఒప్పుకున్న కబురు వదిన చెవిన వెయ్యాలని ఆమెకి ఆత్రంగా ఉంది. వదిన పోలమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని కాచిన పాలు చల్లారబెడుతోంది. కబురు విని మురిసిపోయింది. మీ అన్న కూడా నీ మాట జవదాటలేదని మొదలుపెట్టింది. ఆయనా గురయ్య తాతా కలిసి సాయంత్రందాకా ఇంజిన్ దగ్గరే ఉన్నారట. అడుగు తొట్టిలో నల్లటిది చుక్క లేకుండా తోడేశారట. డీజిలు పోసి కడిగారట. గుడ్డ పెట్టి తుడిచితే కంచంలా మెరిసిందట. చదువుకున్నా మనింటి పిల్లే, ఇన్నాళ్ళకి దారికొచ్చిందని తాత రేవంతా చెప్పుకున్నాడట.

"తోడెయ్యమన్నావంట కదా" అంది పోలమ్మ. మళ్ళీ వెంటనే, "ఉండు, పాలు తోడేసొస్తాను" అని చెంచాతో పెరుగు తీసి గిన్నెలో కలిపింది.

రాజ్యం ఆ చెంచాకేసి చూస్తూ ఉండిపోయింది. వంటింట్లో తోడెయ్యడమంటే పాతది కాస్త కలపడం. బోటులో తోడెయ్యడమంటే అడుగున ఊరిన నీళ్ళని ఆఖరి చుక్కదాకా ఎత్తి బయట పొయ్యడం. బుద్ధెరిగిన నాటినుంచి దానయ్య రోజూ చేస్తున్న పని అది. చిన్నప్పుడు తండ్రి బోటులో రేకుడబ్బా పట్టుకుని తనూ తోడింది. తనకి ఆ మాట తెలియక కాదు. ఏళ్ళ తరబడి ప్రయోగశాలలో ఒక్క అర్థంతో వాడి వాడి, రెండోది ఉందనే మర్చిపోయింది. ఒక మంచి మాట దొరికిందని మురిసిపోయి, దాన్ని అన్న చేతిలో పెట్టి సముద్రం మీదికి పంపేసింది. ఆమెకి భయం వేసింది. 

తీసిన నూనె ఏం చేశారని అడిగింది. పోలమ్మకి ఆ గొంతు అర్థం కాలేదు. పారెయ్యలేదు, వల లాగే వించి తీగకి తుప్పు పట్టకుండా రాయడానికి డబ్బాలో పోసి బోటులోనే పెట్టుకున్నాడు అంది. రాజ్యం చెప్పులు వేసుకోకుండానే రేవుకి నడిచింది. పోలమ్మ గిన్నె మీద మూతపెట్టి వెనకాలే వచ్చింది.

బోట్ల సంఘం ఆఫీసులో వైర్‌లెస్ సెట్టు ఉంది. వాళ్ళు వెళ్ళేసరికే అక్కడ నలుగురు గుమిగూడి ఉన్నారు. దానయ్య బోటు తెల్లవారినప్పటినుంచీ ఇంజిన్ ఆగి కొట్టుకుపోతోందట. ఆయనతో కలిపి బోటులో అయిదుగురు. ఈశాన్యాన వాయుగుండం కడుతోందని హెచ్చరిక వచ్చింది, మిగతా బోట్లు తిరుగుముఖం పట్టాయి. దగ్గరలో ఉన్న బోటు వెళ్ళడానికే రేపటిదాకా పడుతుంది. తీరరక్షక దళానికి కబురు పెట్టారు, వాళ్ళ ఓడ మరోవైపు మునుగుతున్న బోటు దగ్గరుంది. ఒకతను రాజ్యాన్ని చూసి, నీళ్ళనూనె కంపెనీ వచ్చిందని గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు.

ఆమె వచ్చిందని ఎవరో చెప్పగానే సెట్టులో దానయ్య గొంతు గరగరమంటూ వచ్చింది. "పట్టేసినాది, రాజ్యం. సెక్రం కదలట్నేదు. తాత సిక్కటి నూనె డబ్బా ఒకటి అట్టుకొచ్చినాడు, అది పోసి సూత్తాం."

వద్దని ఆమె అరవలేదు. అరిస్తే మాట చెదిరి అటు సగమే చేరుతుందని భయం. ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది. చిక్కటి నూనె బిగుసుకున్న సందుల్లోకి పోదు. కొత్త నూనె మొత్తం కిందికి దించెయ్యి. వించి తీగకి రాసే డబ్బాలో నల్లనూనె ఉంది కదా, అది ఇంజిన్‌లో పొయ్యి.

సెట్టు చాలాసేపు గరగరమంది. గదిలోవాళ్ళంతా ఆమెకేసి తిరిగారు. తీగకి రాసే మడ్డిని ఇంజిన్‌లో పొయ్యమంటోంది ఈవిడ. ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ కలలో కూడా ఆ పని చెయ్యరు. దానయ్య అసలే చెయ్యడు, ఆయన నూనె చూసి తీర్పు చెప్పే మనిషి.

"ఒలే, ఆ నల్లదే కదేటి నువ్వు తోడెయ్యమన్నావు" అన్నాడు చివరికి.

"నేనన్నది పడవ తోడడం కాదు అన్నయ్యా. పెరుగు తోడు. పాలల్లో వేస్తామే, అది."

మళ్ళీ గరగర. అటువైపు గాలి కూడా వినబడుతోంది. పోలమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకి అప్పుడు అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరలాగని సెప్పాల కదేటి" అన్నాడు దానయ్య. కోపం లేదు ఆ మాటలో. రాజ్యానికి అది కోపం కంటే ఎక్కువగా తగిలింది. "డబ్బాలో సగమే ఉన్నాది. మిగతాది తీగకి రాసీసినాం. సాల్తాదా?"

చాలుతుందో లేదో ఆమెకి తెలియదు. బిగుసుకుపోయిన ఇంజిన్‌ని మళ్ళీ బతికించిన ప్రయోగం ఎవరూ చెయ్యలేదు. కొంచెం తోడుతో కూడా పెరుగవుతుంది, టైము పడుతుంది అంతే, అంది. ఆ తరవాత చెయ్యాల్సింది చెప్పింది. నల్లనూనె పోశాక ఇంజిన్ చక్రం పళ్ళలో ఇనప కమ్మీ వేసి అటూ ఇటూ ఊపండి. కదిలినంతే కదపండి. ఇనుము ఒరుసుకుంటేనే రేణువులు లేస్తాయి. ఆపకుండా, మనిషి తరవాత మనిషి. చక్రం పూర్తిగా తిరిగేదాకా స్టార్టు చెయ్యొద్దు.

"అలాగే" అన్నాడు దానయ్య. సెట్టు బ్యాటరీ మిగుల్చుకోవాలని ఆపేశాడు.

ఆ పగలంతా రాజ్యం ఆ గదిలోనే బల్ల మీద కూర్చుంది. సోమశేఖరం గారు ఫోను చేస్తే సంగతి చెప్పింది. ఆయన ఫోను పెట్టేశాడు. తరవాత తనే వచ్చి, ఆమె పక్కన అదే బల్ల మీద కూర్చున్నాడు. రేవు జనం వచ్చి చూసి పోతున్నారు. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. ఎవరైనా అంటే బాగుండునని ఆమెకి అనిపించింది. అన్న సంపాదన మీద చదివిన చదువు ఇందుకా అని తనని తానే అడుగుతూ కూర్చుంది. పోలమ్మ ఒక్కసారి మాత్రం, నీ నూనె నీ మాట వింటాదా అంది. రాజ్యం తెలీదు వదినా అంది.

మర్నాడు సాయంత్రం వానలో బోటు రేవుముఖంలోకి వచ్చింది. చాలా మెల్లగా వచ్చింది, కానీ తన ఇంజిన్ మీద తనే వచ్చింది. గట్టు మీద జనం అరిచారు. బోటు దగ్గరికి వచ్చాక అరుపులు ఆగాయి. దానయ్య ఎడమచేత్తో చుక్కాని పట్టుకుని నిలబడ్డాడు. కుడిచెయ్యి గుడ్డలో చుట్టి ఉంది, గుడ్డ ఎర్రగా తడిసి ఉంది.

చక్రం కదలడానికి పగలంతా, ఆపైన రాత్రిలో చాలాభాగం పట్టిందని గురయ్య తాత చెప్పాడు. మొదట వెంట్రుకవాసి, తరవాత వేలెడు, తరవాత జానెడు. చివరి వంతు దానయ్యది. చక్రం పూర్తిగా తిరిగింది. ఇంకొక్కసారి తిప్పి చూద్దామని కమ్మీ వేశాడు. అప్పుడే బోటుకి పక్కనుంచి పెద్ద అల తగిలి కమ్మీ జారింది. చూపుడువేలూ దాని పక్కవేలూ చక్రానికీ కవచానికీ మధ్య ఉండిపోయాయి. అదంతా చెబుతూ తాత ఏడ్చాడు. తోడేసింది తన చేతులతోనేనని, నల్లది కనబడితే తనకి ఊరుకోబుద్ధి కాలేదని అన్నాడు. నీది తప్పు కాదు తాతా, మాట నాది, అంది రాజ్యం. తాత ఆ మాట ఒప్పుకోలేదు.

కొన్నాళ్ళకి పరిశోధనశాలలో సూచనల కాగితం మళ్ళీ చర్చకి వచ్చింది. తోడు అనే మాట తీసేసి, పాత నూనె కొంత మిగల్చండి అని రాద్దామన్నారు కంపెనీవాళ్ళు. బొమ్మ కూడా వేద్దామన్నారు. రాజ్యం అంతా విని, నల్లనూనె కనిపిస్తే దించెయ్యాలని చిన్నప్పటినుంచీ నమ్మిన మనిషి డబ్బా మీది అక్షరాలు చదవడండీ, తనకి తెలిసిందే చదువుకుంటాడు, అంది. అందరూ నేర్చుకోవడానికి ఏడాది పడుతుందేమో, ఆ తరవాత అరగని ఇంజిన్లే కదా అన్నాడొకాయన. ఆ ఏడాదిలో ఎన్ని బోట్లు నేర్చుకోకుండా సముద్రం మీదికి వెళతాయని ఆమె అడిగింది.  కొత్త రేణువులు పాత చర్మాన్ని గుర్తుపట్టేదాకా ఈ నూనె బయటికి వెళ్ళదని సోమశేఖరం గారు సంతకం పెట్టాడు. అలా గుర్తుపట్టే రేణువుని చెయ్యడం ఇంకా ఎవరికీ చేతకాలేదు. కంపెనీవాళ్ళు మర్యాదగా సెలవు తీసుకున్నారు.

ఒక్క ఇంజిన్ సంగతి మిగిలిపోయింది. దానయ్య ఇంజిన్ లోపల ఇప్పుడు ఇనుము కంటే చర్మమే ఎక్కువ. దానికి ఇంకే నూనె పోసినా బతకదు. అందుకని లోకంలో ఎక్కడా దొరకని ఆ నూనెని రాజ్యం ఆ ఒక్క బోటు కోసం చిన్న పాత్రలో తయారుచేసుకుని, డబ్బాలో పోసి, తనే మోసుకెళుతుంది. బోటు ఉన్నన్నాళ్ళూ వెళ్ళాలి. మాట ఎవరిచేతా పంపదు.

చెయ్యి మానాక మొదటిసారి ఆమె వెళ్ళేసరికి దానయ్య ఇంజిన్ గదిలోనే కూర్చుని ఉన్నాడు. ఈసారి పైన వల చూసుకోవడం లేదు. రాజ్యం గేజి పుల్ల తీసి ఇచ్చింది. ఆయన ఎడమచేత్తో అందుకుని, అలవాటు కొద్దీ చుక్కని కుడిచేతికి పట్టించబోయాడు. బొటనవేలు ముందుకొచ్చింది. దానికి ఎదురుగా రావలసింది రాలేదు. పక్కనున్న గురయ్య తాత మొహం తిప్పుకున్నాడు. నల్లటి చుక్క పుల్ల చివర వేలాడుతోంది.

"ఒలే, నీ ఏలు ఇలాగియ్యి" అన్నాడు దానయ్య.

రాజ్యం చూపుడువేలు చాపింది. ఆయన చుక్కని దాని మీద దించి, తన బొటనవేలు ఆనించి, మెల్లగా రుద్దాడు. కళ్ళు అరమూశాడు.  

"పలసగానే ఉన్నాది" అన్నాడు. పుల్ల తిరిగిచ్చి, "తోడెయ్యి" అన్నాడు.

"ఏ తోడు అన్నయ్యా?" అని అడిగింది రాజ్యం.

దానయ్య అడుగు తొట్టి మూత ఎడమచేత్తో విప్పుతూ, దగ్గరికి జరిగి చూడమని ఆమెకి చోటిచ్చాడు.